గుఱ్ఱమునకు తగిన జీను

ఏటేట వేసవి రాగానే తెలుగునాటి నుండి వేలకొలది యాత్రికులు హిమాలయ క్షేత్రములకు బయలుదేరుదురు. కేదారనాథమునకు పోవువారికి గౌరీకుండము దగ్గర వాహనమార్గము ముగియును. అచ్చటి నుండి ఆలయమునకు సుమారు 16 కిలోమీటర్ల కొండదారి. గౌరీకుండము సముద్రమట్టమునకు ఇంచుమించు 2,000 మీటర్ల ఎత్తున ఉండగా, కేదారనాథము 3,580 మీటర్లకు పైబడి ఉన్నది. అనగా ఒక్క దినమున 1,500 మీటర్లకు మించి ఎక్కవలెను. కాలినడకన పోలేని పెద్దలు గుఱ్ఱమునో కంచరగాడిదనో ఆశ్రయింతురు. బేరము కుదురును, మనిషి ఎక్కును, జంతువు కదలును. ఆ జంతువు వీపున ఉన్న జీను ఆ వీపునకు కుదిరినదా లేదా అని అడుగువారు మాత్రము అరుదు.

2022వ సంవత్సరమున ఆ దారిలో అనేక గుఱ్ఱములు, కంచరగాడిదలు చనిపోయిన వార్త దేశమంతటను పత్రికలలో వచ్చినది. విశ్రాంతి లేమి, అధికశ్రమ, మేత నీళ్ళ కొఱత కారణములని అప్పుడు చెప్పుకొనిరి. జీను ఒరపిడి వలన ఏర్పడు పుండు అట్లు హఠాత్తుగా ప్రాణము తీయదు. కావున అది వార్తలకు ఎక్కదు. ఆలయము తెఱచి ఉండు కాలము సుమారు ఆఱు మాసములు. ఆ సంపాదన మీద ఏడాదియంతయు గడుపుకొనవలసిన యజమాని, వీపు పగిలిన జంతువును మూడు వారములు ఊరక కట్టివేయగలడా? పుండు మీద బొంత, బొంత మీద జీను, జీను మీద మనిషి, ఇట్లే సాగిపోవును. అతనిని నిందించుట సులభమే. కాని ఆ పుండు పడకుండ చేయుట నిందించుటకంటె పెద్ద కష్టమైన పని కాదని మా అభిప్రాయము.

మా శ్రోతలలో గుఱ్ఱము గలవారు ఎందఱుందురని ఎవరికైన సందేహము కలుగవచ్చును. నిజమే, జట్కా బండ్ల కాలము పోయినది. అయినను విశాఖ మన్యమున సరియైన బాటలేని పల్లెలకు పొట్టి గుఱ్ఱముల మీద సరకులు మోయుట ఉన్నది. హైదరాబాదులో పెండ్లికుమారుని ఊరేగింపునకు గుఱ్ఱము కావలెను. నగరములలో పిల్లలకు స్వారి నేర్పించు తలిదండ్రులును హెచ్చుచున్నారు. పై యాత్రికుల సంగతి చెప్పనే చెప్పితిమి. ఒక్క గంట సేపైనను గుఱ్ఱపు వీపున కూర్చుండు ప్రతివారికిని ఈ విషయముతో సంబంధమున్నది.

మనవారికి అశ్వశాస్త్రము క్రొత్త కాదు. సంస్కృతమున నకులుని పేర ఒక అశ్వశాస్త్రము కలదు. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణసారము రచించెను. సుడులను బట్టియు, వన్నెను బట్టియు గుఱ్ఱపు మంచిచెడ్డలు ఎంచుట మన పెద్దలకు మిక్కిలి ప్రీతి. జీనులు చేయువారికి జీనిగరులని ప్రత్యేకముగ పేరే ఉండెడిది. ఆ పేరు గల కుటుంబములు కొన్ని తరతరముల క్రిందటనే కొయ్యపనిలోనికి, చిత్రలేఖనములోనికి మరలినవి. గుఱ్ఱములు తగ్గినప్పుడు జీను చేయు చేతికి మఱియొక పని వెదకుకొనక తప్పదు గదా!

ఇక వీపు సంగతి చూతము. గుఱ్ఱపు వీపు పైకి విశాలమైన పీఠమువలె కన్పించును గాని, దానిలో బరువు మోయదగిన చోటు మిక్కిలి తక్కువ. మెడ ముగిసి వీపు మొదలగు చోట ఎత్తుగా నిలిచి ఉండు భాగమును మూపు అందుము. అచ్చట వెన్నుపూసల ముళ్ళు పొడవుగా పైకి లేచి, చర్మమునకు అతి సమీపమున ఉండును. వాని మీద బరువు పడరాదు. మూపు నుండి వెనుకకు సాధారణముగా 18 వెన్నుపూసలకు 18 జతల ప్రక్కటెముకలు తగిలి ఉండును. ఆ చివరి ప్రక్కటెముక దాటిన పిదప నడుము. నడుమునకు క్రింద ఏ ఎముక ఆధారమును లేదు. అక్కడను బరువు పడరాదు. మధ్యనున్న వెన్నెముక మీద సరేసరి, అసలే పడరాదు. ఇంతకు మిగిలినదేమనగా, వెన్నెముకకు ఇరుప్రక్కల నిలువునా సాగిన రెండు కండపట్టెలు, అవియును మూపు వెనుకనుండి చివరి ప్రక్కటెముక వఱకు మాత్రమే. జీను నిలువవలసిన స్థలమంతయు ఇదియే.

క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకు రచయిత క్సెనోఫోను అశ్వారోహణమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. ఆ కాలమున గ్రీకులకు చట్రము గల జీను లేదు. వట్టి వీపు మీదనో, గుడ్డ పఱచియో ఎక్కెడివారు. వెన్నెముకకు ఇరుప్రక్కల కండ ఉబ్బి, నడుమ పల్లముగా ఉండు వీపే మేలైనదని అతడు ఎంచెను. జీను లేని రోజులలో ఆ గుణము రౌతునకు సుఖము. జీను వచ్చిన తరువాత ఆ రెండు కండలే గుఱ్ఱమునకు రక్ష.

మఱియొక ముఖ్యమైన సంగతి రెక్క యెముకది. మనకు మెడ క్రింద కంఠాస్థి ఉండి భుజమును రొమ్ముతో కలుపును. గుఱ్ఱమునకు అది లేదు. దాని ముందుకాళ్ళు కండరములతోనే మేనికి వ్రేలాడగట్టినట్లు ఉండును. అందుచేత గుఱ్ఱము ముందుకాలు చాచినప్పుడెల్ల రెక్క యెముక పైఅంచు వెనుకకు జరుగును. జీను ముందుభాగము ఆ అంచునకు ఆని ఉన్నచో, అడుగడుగునకు ఎముక జీనును కొట్టుకొనుచుండును. గుఱ్ఱము ఏమి చేయును? అడుగు పొట్టి చేసికొనును. దిగుడు దారిలో కాలు చాచుటకు వెనుకాడును. యజమాని దానిని సోమరితనమనుకొని కొరడా తీయును.

జీను లోపల ఒక చట్రము ఉండును. పూర్వము కొయ్యతో చేసి పచ్చితోలు బిగించెడివారు. తరువాత ఉక్కు కమానులు వచ్చినవి. ఇప్పుడు కృత్రిమ పదార్థముల చట్రములును ఉన్నవి. పైతోలు ఎంత మెఱుగు పెట్టినను, కుట్టు ఎంత నాజూకుగా ఉన్నను, వీపునకు కావలసినది ఈ చట్రము కొలత. ముందు కమాను ఇఱుకైనచో మూపు ప్రక్కలను పట్టుకారువలె నొక్కును. అప్పుడు జీను ముందు ఎత్తయి, రౌతు వెనుకకు జారి, అతని బరువంతయు నడుము వైపు పడును. కమాను మరీ వెడల్పైనచో జీను ముందుకు క్రుంగి నేరుగా మూపు మీదనే కూర్చుండును. చట్రపు వంపు వీపు వంపుకంటె తక్కువైనచో ముందును వెనుకను మాత్రమే ఆని, నడుమ ఖాళీగా వంతెనవలె నిలుచును. వంపు ఎక్కువైనచో ఊయలకుర్చీవలె ముందు వెనుకలకు ఊగును. ఈ నాలుగు దోషములలో వంతెన దోషము కనుగొనుట కష్టము. ఏలయన జీను పైకి చక్కగా కూర్చున్నట్లే కన్పించును.

చిన్న లెక్క వేసి చూడుడు. రౌతును జీనును కలిసి 80 కిలోలనుకొందము. ఆ బరువు 1,000 చదరపు సెంటీమీటర్ల మీద సమముగా పఱచుకొన్నచో ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద పడునది 80 గ్రాములు. అదే జీను 100 చదరపు సెంటీమీటర్లలో మాత్రమే ఆనినచో 800 గ్రాములు. చర్మమునకు నెత్తురు తెచ్చు సన్నని నాళములు ఇట్టి ఒత్తిడికి మూసికొనిపోవును. ఒకటి రెండు నిమిషములైనచో తిరిగి తెఱచుకొనును. గంటల తరబడి అట్లే ఉన్నచో అచ్చటి చర్మము, దాని క్రింది కండ చచ్చిపోవుటకు మొదలిడును. ముందు వాపు, పిదప బొబ్బ, ఆపై పుండు. మానిన తరువాత అచ్చట మొలచు వెండ్రుకలు తఱచుగా తెల్లగా ఉండును. మూపునకు ఇరుప్రక్కల తెల్లని మచ్చలున్న గుఱ్ఱమును చూచి, పుట్టుమచ్చ యనియు, శుభలక్షణమనియు మురియువారున్నారు. అది ఎన్నడో ఒక చెడ్డ జీను వ్రాసి పోయిన వ్రాత.

మఱి తగిన జీనును గుర్తించుటెట్లు? దీనికి పెద్ద యంత్రములు అక్కఱలేదు. గుఱ్ఱమును సమతలమైన నేల మీద నాలుగు కాళ్ళును సమముగా మోపి నిలువబెట్టవలెను. చేతితో సులభముగా వంగి, వంగిన చోటనే నిలుచు లావుపాటి తీగ నొకదానిని తీసికొని, రెక్క యెముక పైఅంచునకు వెనుక, మూపు మీదుగా అడ్డముగా వేసి వీపునకు అంటునట్లు ఒత్తవలెను. దానిని కదలకుండ ఎత్తి అట్ట మీద పెట్టి గీత గీచి, ఆ గీత వెంబడి అట్టను కత్తిరించినచో వీపు అచ్చు వచ్చును. అట్లే జీను నడిమి భాగమునకు ఒకటి, వెనుకకు ఒకటి, వెన్నెముక ప్రక్కగా నిలువున ఒకటి తీయవలెను. జీను కొనుటకు పోవునప్పుడు గుఱ్ఱమును తోడ్కొని పోలేము గాని, ఈ నాలుగు అట్టలను చంకలో పెట్టుకొని పోవచ్చును గదా!

జీను తెచ్చిన పిదప, క్రింద బొంత ఏమియు వేయక వట్టి వీపు మీదనే మొదట చూడవలెను. కొంచెము ముందుగా, మూపు మీద పెట్టి, వెనుకకు జరుపుచు పోయినచో జీను ఒకచోట తనంతట తాను ఆగును. వెండ్రుకలును ఆ జరుపుటలో చదునుగా పడును. ఆగిన చోట ముందు కమానునకును మూపునకును నడుమ రెండు మూడు వ్రేళ్ళు దూరవలెను. రెక్క యెముక అంచునకు వెనుక రెండు మూడు వ్రేళ్ళ ఎడముండవలెను. క్రింది మెత్తల నడుమనున్న కాలువ ముందునుండి వెనుక వఱకు మూడు నాలుగు వ్రేళ్ళ వెడల్పున సాగి, వెనుకనుండి వంగి చూచినచో ఆ చివరి వెలుతురు కన్పించవలెను. అఱచేతిని మెత్తల క్రిందికి దూర్చి ముందునుండి వెనుకకు జరుపుచు, ఎచ్చటనైన చేయి నలుగుచున్నదా, ఎచ్చటనైన ఖాళీగా తేలుచున్నదా అని చూచుట అన్నిటికంటె నమ్మదగిన పరీక్ష. ఈ పరీక్షలన్నియు మనిషి ఎక్కిన తరువాత మరల చేయవలెను. ఖాళీ జీనుకు దొరకిన మూడు వ్రేళ్ళ సందు, మనిషి ఎక్కగానే ఒక్క వ్రేలు కూడ దూరనంతగ తగ్గవచ్చును.

అరగంట స్వారి తరువాత జీను తీసి చెమట జాడ చూచుట పాత పద్ధతి. వెన్నెముక మీద పొడిగాను, ఇరుప్రక్కల ఒకే తీరున తడిగాను ఉన్నచో మంచిదే. తడి నడుమ రూపాయి బిళ్ళంత పొడిచోటు కన్పించినచో అచ్చట ఒత్తిడి అధికమై చెమట రాలేదేమో, లేక జీను అచ్చట అసలు ఆనలేదేమో వ్రేలితో నొక్కి తెలిసికొనవలెను. నొక్కినప్పుడు చర్మము వణకినను, గుఱ్ఱము వీపు క్రుంగదీసికొనినను సందేహము తీరినట్లే.

పొట్టపట్టీని మోచేతి వెనుక బెత్తెడు దూరమున కట్టుట మేలు. కట్టిన పిదప ముందుకాళ్ళను ఒక్కొక్కటిగా ఎత్తి ముందుకు చాచినచో పట్టీ క్రింద చిక్కిన ముడుతలు విడిపోవును. రెండు నిమిషముల పని. దీనిని మఱచుట వలన పడిన పుండ్లు ఎన్నియో!

జీను సరిపడనప్పుడు అందఱును చేయు చికిత్స మఱియొక బొంత వేయుట. ఇఱుకైన చెప్పు కఱచుచున్నదని రెండు మేజోళ్ళు తొడిగినట్లు ఇది. వెడల్పైన జీను క్రింద బొంత కొంతకాలము పనికివచ్చును. ఇఱుకు జీను క్రింద అది ఇఱుకును హెచ్చించును. ఉన్ని దట్టించిన మెత్తలైనచో పనితెలిసినవాడు విప్పి ఉన్ని సవరించి కుట్టుట వేఱు సంగతి. అది నిజమైన చికిత్స. ఉన్ని కాలక్రమమున అణగి గడ్డకట్టును గనుక కుదిరిన జీనుకు కూడ అది అవసరమే.

ఇన్నియు చేసి కుదిర్చిన జీను శాశ్వతముగా కుదిరి ఉండునా? ఉండదు. వీపు మాఱును. మేత తగ్గిన వేసవిలో ఒక తీరు, పచ్చిక దొరకిన వానకాలమున ఒక తీరు. పని లేక కండ తగ్గినప్పుడొకటి, వయస్సు మళ్ళి వీపు క్రుంగినప్పుడొకటి. అమెరికా సైన్యము 1859లో మెక్‌క్లెల్లన్ జీనును స్వీకరించినది. నడుమ బారుగా చీలిక విడిచి, వెన్నెముకకు గాలి తగులునట్లు చేసిన తేలిక జీను అది. ఎనుబది యేండ్లకు పైగా వాడుకలో నిలిచినది. దాని గుణము లెన్ని ఉన్నను, అందలి కొలతలు ముఖ్యముగా రౌతు కూర్చుండు చోటిని బట్టి ఏర్పడినవి. గుఱ్ఱపు వీపుల భేదమును సర్దవలసినది దాని క్రింద మడతలు వేసిన కంబళియే. దండయాత్రలో గుఱ్ఱము చిక్కిపోయినకొలది మడతలు మార్చుకొనుచు పోవలెను. మార్చనివాని గుఱ్ఱము వీపు పుండై వెనుకబడెను.

బ్రిటిషు సైన్యపు పశువైద్యుడు ఫ్రెడరిక్ స్మిత్తు 1891లోనే జీనులను, వీపు పుండ్లను గూర్చి ఒక పూర్తి గ్రంథము ప్రకటించెను. తెలిసినవారు చెప్పినంత మాత్రమున సైన్యములు వినునా? 1899 నుండి 1902 వఱకు సాగిన దక్షిణాఫ్రికా యుద్ధమున బ్రిటిషువారి పక్షమున మూడు లక్షలకు పైగా గుఱ్ఱములు నశించినవి. ఆకలి, అలసట, రోగములు ప్రధాన కారణములు. గుండు తగిలి చచ్చినవి వానిలో కొలదియే. ఆ యుద్ధమున పశువుల అవస్థను గూర్చియు స్మిత్తే తరువాత చరిత్ర వ్రాసెను.

కంచరగాడిద సంగతి వేఱుగా చెప్పవలెను. తల్లి గుఱ్ఱము, తండ్రి గాడిద. ఓర్పును గట్టి డెక్కను తండ్రి నుండి తెచ్చుకొన్న ఈ జంతువు వీపును కూడ చాలవఱకు తండ్రి నుండియే తెచ్చుకొనును. మూపు ఎత్తుగా ఉండదు. వీపు వంపు లేక బల్లపఱుపుగా సాగును. భుజములు సన్నము, డొక్క గుండ్రన. గుఱ్ఱమునకు మూపు అడ్డుగా నిలిచి జీనును పట్టి ఉంచును. కంచరగాడిదకు ఆ అడ్డు లేదు. కావున దిగుడు దారిలో జీను సన్నని భుజముల వైపు జారుచుండును. గుఱ్ఱపు జీనును దీనికి వేసి, జారుచున్నదని పొట్టపట్టీని ఊపిరాడనంతగ బిగించుట కొండదారులలో తఱచు కన్పించు తప్పు. బిగించిన పట్టీ జారుటను ఆపదు సరిగదా, మోచేతి వెనుక చర్మమును కోయును.

కంచరగాడిదకు వంపు తక్కువైన నిటారు చట్రము కావలెను. జాఱకుండుటకు వెనుక ఆధారము కావలెను. తోక క్రిందుగా పోవు మెత్తని పట్టీ యొకటి, దానికంటె మేలుగా పిఱుదుల చుట్టును పోవు వెడల్పైన పట్టీ యొకటి ఉన్నవి. నిటారుగా దిగు కొండలలో తోకపట్టీ ఒక్కటే ఉన్నచో బరువంతయు తోకమొదట సున్నితమైన చర్మము మీద లాగి కోయును. పిఱుదు పట్టీ ఆ లాగుడును కండ మీద పఱచును. ఎక్కుడు దారిలో జీను వెనుకకు పోకుండ రొమ్ముపట్టీ ఉండవలెను. అది కంఠనాళమును నొక్కరాదు. భారత సైన్యపు కంచరగాడిదల దళములు 1939 డిసెంబరులో ఫ్రాన్సు వఱకు పోయి మంచులో సరకులు మోసినవి. అట్టి సేవలో ఏ జంతువు జీను ఆ జంతువునకే ఉంచవలెను. పొద్దుట చేతికందిన జీనును అందిన జంతువుపై వేయుట మొదలిడినచో, పై కొలతలన్నియు వ్యర్థము.

సరకుల మోత మనిషి మోతకంటె కఠినము. మనిషి బ్రతికిన బరువు. వంగును, సర్దుకొనును, దిగి నడచును. బియ్యపు బస్తాలును వంటగ్యాసు బండలును అట్లు చేయవు. ఇరుప్రక్కల తూకము సమముగా లేనిచో జీను ఒక ప్రక్కకు లాగి, రెండవ ప్రక్క వెన్నెముక మీదికి ఎక్కును. కట్టుటకు ముందు రెండు మూటలను చేతులతో ఎత్తి చూచుట చాలును. ఇక బరువు పరిమితికి అందఱును చెప్పుకొను లెక్క, జీనుతో కలిపి జంతువు బరువులో ఐదవ వంతు మించరాదని. 300 కిలోల జంతువునకు ఇది 60 కిలోలు. కేదారనాథము పోవు పెద్దలు తమ బరువును తామే ఎఱుగుదురు.

యాత్రికులు బేరమాడునప్పుడు జంతువు వీపు చూపుమని అడుగుటకు మొగమోట పడనక్కఱలేదు. జీను ఎత్తించి, మూపు మీదను, వెన్నెముక మీదను, పొట్టపట్టీ క్రిందను పచ్చి పుండు లేకుండుట చూడవలెను. చేయి వేయగానే చెవులు వెనుకకు వాల్చి కఱవ వచ్చు జంతువును పొగరుబోతనుకొనుట పొరపాటు. వీపు నొప్పి గలవాడు మంచము దగ్గరకు ఎవరు వచ్చినను విసుగుకొనును గదా! ఎక్కునప్పుడు నేల మీదినుండి రికాబు పట్టి వ్రేలాడక, దారి ప్రక్కనున్న అరుగో బండరాయో ఎక్కి అందుండి కూర్చుండవలెను. క్రిందినుండి లాగుటచేత జీను మెలిపడి వెన్నెముకను ఒరయును. రెండు రికాబుల పొడవును ఒకటిగా ఉండునట్లు చూచుకొని, ఎక్కుడులో కొంచెము ముందుకు, దిగుడులో కొంచెము వెనుకకు ఒరగినచో చాలును. మజిలీలలో దిగుట మన కాళ్ళకును మంచిదే.

గమ్యము చేరగానే జీను ఊడబెఱుకరాదు. గంటల కొలది నొక్కబడిన చర్మములోనికి నెత్తురు ఒక్కసారిగా పొంగినచో వాపు వచ్చునని పాత ఆశ్వికులు మొదట పొట్టపట్టీని మాత్రము సడలించి, జీనును కొంతసేపు అట్లే ఉంచి, ఆపై తీసి, వీపును పొడిగుడ్డతో రుద్దెడివారు. పిదప అఱచేతిని మూపు నుండి నడుము వఱకు మెల్లగా జరుపుచు రావలెను. ఎచ్చటనైన తక్కిన చోట్లకంటె వేడిగా తగిలినచో, లేక చిన్న ఉబ్బు చేతికి తగిలినచో, తడిపిన చల్లని గుడ్డ వేసి, ఆ వేడి పూర్తిగా తగ్గువఱకు జీనును గోడకు తగిలించి ఉంచవలెను.